చల్లారితేనే తెలిసే రుచి

మా రాయికోడ్‌లో పొద్దున్నే ఏ హోటల్ ముందు నిలబడ్డా చేతికొచ్చేది చాయే. మంచి కాఫీ కావాలంటే ఇంట్లో పెట్టుకోవాల్సిందే. నేను అరకు లోయలో పండే అరబికా కాఫీ తెప్పించుకుంటాను. అందులో పాలు, చక్కెర, చికోరీ ఏవీ కలపను. ఒకే సీమలో పండిన గింజ ఏరికోరి తెచ్చుకున్నాక దాని రుచిని కప్పేయడానికి నాకు మనసొప్పదు.

రుచి చూసేందుకు ఒక పద్ధతి ఉంది. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి వేస్తారు. పొడి కాస్త బరకగా ఉండాలి. 93 డిగ్రీల వేడి నీళ్లు పోసి 4 నిమిషాలు కదపరు. పైన కట్టిన తెట్టును చెంచాతో జరుపుతూ, కప్పు మీదికి వంగి వాసన చూస్తారు. ఆ తర్వాత చెంచాడు కాఫీని చప్పుడయ్యేలా జుర్రుతారు. కాఫీ గాలితో కలిసి నాలుకంతా పరుచుకుంటుంది, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఈ వాసనే.

వేడి మీద చేదే ముందుంటుంది. గోరువెచ్చనయ్యాక పులుపు, తీపి విడివిడిగా తేలతాయి. నాకు ముందు బత్తాయి పులుపు, వెనకే బెల్లం తీపి తెలుస్తాయి. ఆ పులుపు లోపం కాదు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న చల్లని అరకు లోయలో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండు నిదానంగా పండుతుంది. గింజకు ఆ రుచులు పట్టేది ఆ నిదానం వల్లే.

అందుకే రుచికి పేరు పెట్టి ఊరుకోకుండా కారణం వెతుకుతాను. పచ్చికాయలు కలిపి కోస్తే వగరు వస్తుంది. కోసిన పండ్లు కుప్పలోనే ఉండిపోతే పులిసిన వాసన, సరిగా ఆరకపోతే బూజు వాసన. నల్లగా మాడ్చి వేయిస్తే మంచి కోతకూ చెడ్డ కోతకూ తేడా చేదులో కలిసిపోతుంది. ఆ తేడా చెరిగితే ఎర్రటి పండ్లే ఏరి కోసిన గిరిజన రైతు ఎక్కువ ధర ఏ ఆధారంతో అడుగుతాడు?

2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడాలంటే కొనేవాళ్లకూ రుచి తెలియాలి. ఈసారి ప్యాకెట్ కొనేటప్పుడు ఏ ఏడాది పంట, ఎలా ఆరబెట్టారు, ఎప్పుడు వేయించారు అని అడగండి. అడిగేవాళ్లుంటేనే ఏరి కోసినవాళ్ల కష్టానికి విలువ కడతారు.