ఆ కాగితంలో ‘నేను’ ఎవరు?

కథలో ‘నేను’ ఎవరో చదివేవాళ్లకు తెలుస్తుంది. పాటలో అయితే పాడే గొంతే చెబుతుంది. ఆసుపత్రి అంగీకార పత్రంలోనూ ఒక ‘నేను’ ఉంటుంది. నాకు అన్నీ వివరించారు, నాకు అర్థమైంది, ఏం జరిగినా నాదే బాధ్యత అంటుంది. ఆ మాటలు రాసింది మనం కాదు. చాలాసార్లు మనకు చదివి వినిపించేవాళ్లూ ఉండరు. అడుగున వేలిముద్ర మాత్రం మనది. అందుకే ఆ కాగితాన్ని కూడా ఒక రచనగా చదవాలనుకున్నాం.

చింతూరు, మారేడుమిల్లి వైపు నుంచి జబ్బు ముదిరినా, కాన్పు కష్టమైనా మేం దిగేది రాజమండ్రికో కాకినాడకో. ఒకసారి మా ఊరి ఆడమనిషిని అలాగే తీసుకొచ్చాం. ఆపరేషన్‌కు ముందు కాగితం తెచ్చి ‘ఇక్కడ వెయ్యండి’ అన్నారు. ఇందులో ఏముందని ఆమె భర్త మమ్మల్ని కోయలో అడిగాడు. మేం చదవబోతే టైం లేదన్నారు. ఆ తొందర నిజమే కావచ్చు. ప్రాణం మీదికొస్తే లాంఛనాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మరి ఏ తొందరా లేనిచోట ఏం జరిగింది?

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్లున్న సుమారు 14,000 మంది ఆడపిల్లలకు టీకా వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే మన పిల్లలు ఎంతోమంది. గుజరాత్‌లోనూ ఇలాంటి ప్రాజెక్టే నడిచింది. రెండు రాష్ట్రాల్లో కలిపి 7గురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణలు చెప్పాయి. ఇక్కడ మా తగువు టీకాతో కాదు. ఆ క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా మన ఆడపిల్లలకూ అందాలి. మా తగువు సంతకంతో.

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ సంతకాల లెక్క బయటపెట్టింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. సంరక్షకులుగా సంతకం పెట్టమని ప్రధానోపాధ్యాయులకు అనుమతినిచ్చింది ప్రభుత్వ ఆదేశమే. తల్లీతండ్రీ ఊళ్లో బతికే ఉన్నారు. వాళ్ల ‘నేను’ను వార్డెన్ రాసేశారు.

ఆ నివేదిక పిల్లల హక్కుల పక్షాన గట్టిగా నిలబడింది. అందుకు దాన్ని గౌరవిస్తాం. అయినా ఒకచోట ఆగి అడగాలి. వేలిముద్రలు చూసి, ఈ తల్లిదండ్రులకు స్థానిక భాష తెలుగులో కూడా రాయడం రాదని అది బాధపడింది. కోయ తల్లికి తెలుగు బడి భాష, ఆఫీసు భాష. ఇంటి భాష కోయ. ఇంకొకటి, వేలిముద్రనూ వార్డెన్ సంతకాన్నీ ఒకే గాటన కట్టకూడదు. తెలిసి వేసిన వేలిముద్ర నిండు సమ్మతి. వార్డెన్ సంతకం ఎంత గుండ్రంగా ఉన్నా ఆ తల్లి మాట కాదు. ఇక్కడ అడగాల్సింది తల్లికి చదువొచ్చా అని కాదు, ఆమెకు అర్థమయ్యే భాషలో ఎవరైనా చెప్పారా అని.

చట్టం ఈ తేడాను పట్టుకుంది. సమీరా కోహ్లీ కేసులో మత్తులో ఉన్న రోగి బదులు ఆమె తల్లి ఒప్పుకుంటే డాక్టర్ గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివొచ్చాక రోగినే అడగగలిగినప్పుడు, తల్లి మాట కూడా చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చేసే వైద్యం ఏమిటో, లాభం, ప్రమాదం, వేరే దారి ఏమిటో ముందే చెప్పాలంది. కన్నతల్లి సంతకమే చాలనిచోట, మరుసటి ఏడే వార్డెన్ సంతకం వేల పిల్లలకు చాలిందన్నారు!

జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. రోగికి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పాలని అందులో ఉంది. మన వైపు ఆసుపత్రుల్లో అది జరగాలంటే కోయ మాట్లాడే మనిషి ఒకరు కాగితం పక్కన నిలబడాలి. అంతవరకు ఆ పని మనలో చదువుకున్నవాళ్లదే. ఈసారి ‘ఇక్కడ వెయ్యండి’ అంటే, ప్రాణం మీదికి రానప్పుడు, కాగితం చేతిలోకి తీసుకుందాం. మన మాటలో గట్టిగా చదువుదాం. లోపల మంచం మీద ఉన్న మనిషి విని, ‘సరే’ అన్నాకే వేలికి సిరా అంటిద్దాం.