జీర్ణగృహోద్ధరణము: రస్కిను మతవిమర్శము

ఆంగ్లమున ‘రెస్టొరేషను’ అను మాటకు మనవారు ‘జీర్ణోద్ధరణము’ అని పర్యాయము వ్రాయుచున్నారు. వినుటకు సొంపుగానే యున్నది గాని యీ రెండు మాటల వెనుకను వేఱువేఱు ధర్మములున్నవి. ఆంగ్లపదము చుట్టును నూటడెబ్బది యేండ్లకుఁ బైఁబడిన వివాదము కలదు. మన పదము చుట్టును దానశాసనములు కలవు. పాత యింటిని బాగుచేయింపఁబూనిన గృహస్థునకును, దానిఁగూర్చి వ్యాసము వ్రాయఁబూనిన పండితునకును జాన్ రస్కిను మాటయే తఱచుగాఁ బ్రమాణముగాఁ జూపఁబడుచున్నది. ఆ మతము మన లోఁగిళ్లకు నెంతవఱకు నన్వయించునో యిచట విచారించెదను.

రస్కిను 1849లోఁ బ్రకటించిన ‘వాస్తుశిల్పమునకు సప్తదీపములు’ అను గ్రంథమున నాఱవది స్మృతిదీపము. అందలి సారమిది. కట్టడము కట్టినవారిది, రానున్న తరములవారిది. నడుమ నున్న మనకు దానిని మార్చు నధికారము లేదు. శిథిలమైనదానిని మరల మొదటివలెఁ జేసితిమనుట మృతుని బ్రదికించితిమనుటవంటి బొంకు. కావున ముందే కనిపెట్టి కాపాడవలయును; కప్పు కాఱకుండఁ జూడవలయును; వదలినచోట నినుపకట్లు వేయవలయును; ఊఁతకఱ్ఱలు కంటి కింపుగా లేకున్నను నిలుపవలయును; కాలము తీఱిననాఁడు మర్యాదతోఁ బోనీయవలయును.

దీనికి సరిగా నెదురుమతము ఫ్రాన్సుదేశమున వియొలె ల్యుద్యూకుది. ఉద్ధరించుటయనఁగా, ఏనాఁడును లేకపోయిన లేకపోవచ్చునట్టి పరిపూర్ణరూపమునకుఁ గట్టడమును దెచ్చుట యని యాతని నిర్వచనము. మూఁడవ నెపోలియను కాలమునఁ బీర్‌ఫోను కోటను ఆతఁడట్లే కట్టించెను. ఇంగ్లండున 1877లో విలియం మారిస్ ప్రాచీనకట్టడముల రక్షణసంఘమును స్థాపించి రస్కిను పక్షము వహించెను. చర్చీల గోడలపూఁత గీఁకివేసి రాతిని బయటఁబెట్టు ‘ఉద్ధారకుల’ కెదురుగాఁ బుట్టినదగుటచే నా సంఘమునకు ‘గీఁకుటకు విరోధి’ అని ముద్దుపేరుకూడఁ గలిగినది.

రస్కిను మతమున నున్న ధర్మమును నేను గాదనను. బొంకు బొంకే. కాని యాతని మనసునందున్నవి శతాబ్దములు నిలిచిన రాతికట్టడములు. రాతికట్టడమున రక్షణము వేఱు, పునర్నిర్మాణము వేఱు. మన పాత లోఁగిలినిఁ జూడుఁడు. నడుమ నాకాశమునకు విడిచిన మండువ, దాని చుట్టును నాలుగు పంచలు, టేకు స్తంభములు, దూలములు, వాసములు, పైని నాటుపెంకు, క్రింద మట్టిగోడ, గోడపై సున్నపుఁబూఁత. ఇందు స్తంభములును ద్వారబంధములును నూఱేండ్లు నిలుచును. పెంకు మాత్రము కోఁతులకు, పిల్లులకు, గాలివానకుఁ గదలుచునే యుండును. తొలకరికి ముందేటేటఁ గప్పు నేయించి, పగిలినవి తీసి క్రొత్తవి వేయనిచో నా యేఁటి వానకే మట్టిగోడ కరఁగును. అరుగు అలుకవలయును, పండుగకో పెండ్లికో గోడకు వెల్ల వేయవలయును. ఈ యింటిని రస్కిను చెప్పినట్లు ‘కాపాడుట’ యనఁగా దానియం దేదో యొకదానిని దీసి మఱియొకటి పెట్టుటయే. పదియేండ్లు ముట్టక గౌరవించినచో మిగులునది దిబ్బ. ఈ దేశమున నింటిని నిలిపినవారిలోఁ దాపిపనివానికంటె నేటేట నలికిన గృహిణికిఁ బాలెక్కువ యన్నచో రస్కినున కెట్లు తోఁచెడిదో!

ఇనుపకట్లపై నాతనికిఁ గల నమ్మకమును గాలము పరీక్షించినది. ఏథెన్సు నగరపుఁ బార్థెనానునకు 1898 మొదలు బలానోసు ఇనుపకట్లు వేసి రాళ్లు గూర్చెను. పూర్వశిల్పులు కట్లచుట్టును సీసము పోసిరి, ఈతఁడు పోయలేదు. ఇనుము త్రుప్పుపట్టి యుబ్బి చలువరాళ్లను జీల్చినది. తరువాతివారు వానిని బెఱికి టైటానియపుఁగట్లు వేయవలసివచ్చెను. కాపాడుటకు వేసినదే చెఱుపుట రక్షణమతమునందును గలదని దీనివలనఁ దేలుచున్నది.

ఇట్లు చెప్పినంతమాత్రమున, ‘అంతయు మాఱుచుండునదే కదా, సిమెంటు వేసిన నేమి?’ అనువారి పక్షమునఁ జేరుట కాదు. నేఁడు మన పల్లెలలో నున్న గొప్ప యనర్థమిదియే. గానుగసున్నము సంగతి తెలిసిన తాపి దొరకుట యరుదైనది. కాల్చిన సున్నమును విరియించి, యిసుకతోఁ జేర్చి, యెడ్లు త్రిప్పు గానుగలో నలగఁగొట్టి, కరక్కాయనీరును బెల్లపునీరును గలిపి చేసిన గచ్చు మెల్లమెల్లగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును బీల్చి గట్టిపడును. గట్టిపడినను అది నీటియావిరిని బోనిచ్చును. నేలనుండి మట్టిగోడలోని కెక్కిన చెమ్మ యా పూఁత గుండ వెలికిఁబోయి గోడ యాఱును. దానిమీఁద సిమెంటు పూసినచో చెమ్మకు దారి మూసికొనిపోవును. అది యింకను బైకెక్కును. దానితో వచ్చిన యుప్పు పూఁతవెనుకఁ బేరుకొనును. కొన్నియేండ్లకు సిమెంటుపెళ్ల తాను రాలుచు గోడముఖమును వెంటఁబెట్టుకొని రాలును. గోడలోఁ జొనిపిన దూలపుఁగొనలు నానిపోవును, చెదలకుఁ దావగును. బయటికి మాత్రము నునుపుగా, క్రొత్తదివలె నుండును. ఛందస్సు కుదురలేదని ప్రాఁతపద్యమును దిద్ది నున్నగాఁజేసిన పరిష్కర్త పని కూడ నిట్టిదే. లోపల శబ్దము కుళ్లుచున్నదని చదువరికిఁ దెలియదు.

మనవారి శాస్త్రమేమన్నది? దక్కనులోని దేవాలయదానశాసనములలో అంగభోగ రంగభోగములతోపాటు ఖండస్ఫుటితజీర్ణోద్ధారమునకును భూమి యిచ్చినట్లు తఱచుగాఁ గనఁబడును. విఱిగినదానిని, బీటవాఱినదానిని బాగుచేయుట నైవేద్యమువలె నిత్యము జరుగవలసిన విధి యని దాత యెఱుఁగును. దానికిఁ బొలము వ్రాసియిచ్చినాఁడు. రస్కిను కోరిన కనిపెట్టుట యిదియే గాని యిందుఁ బునర్నిర్మాణమనిన భయము లేదు. ఇఁక మయమతమున అనుకర్మవిధి చెప్పు నధ్యాయము కలదు. దేవాలయమునుగూర్చి యందుఁ జెప్పినది: అంగములు గుర్తింప వీలున్నదానిని దాని ద్రవ్యముతోనే యుద్ధరింపవలయును, పొడవు వెడలుపులు మునుపటివే కావలయును, మొదట లేనిదానిని జేర్పరాదు. పూర్ణత్వము కావలెననుటలో నిది ఫ్రెంచివానికి దగ్గఱ. లేనిదానిని జేర్పరాదనుటలో నాతనికి దూరము. కాని క్రొత్తది యేదో ప్రాఁతది యేదో తెలియవలెనని మయమతము నిర్బంధింపలేదు. ఆ నిర్బంధము 1964నాఁటి వెనిసు శాసనమునఁ జేరినది: పూరించిన భాగము మొత్తముతో నొదుగవలయును, అయినను మూలమునుండి వేఱుగా గుర్తింపఁబడవలయును.

ఒదుగుటయు, వేఱుగాఁ దెలియుటయు నొకచో నెట్లుండుననువారికి మన వాఙ్మయమే యుదాహరణము. నన్నయ యరణ్యపర్వ చతుర్థాశ్వాసమున విడిచిన తావునుండి యెఱ్ఱన మూఁడు శతాబ్దముల పిమ్మట నెత్తుకొనెను. అద్దంకిలోఁ దన ప్రభువుండఁగా శేషమును రాజరాజనరేంద్రునికే యంకితము చేసెను. నన్నయరీతిఁ బట్టి క్రమముగాఁ దిక్కనరీతికి దింపెను. చదువరికి నతుకు తగులదు. కాని పర్వాంతమునఁ దన పేరును, దలిదండ్రుల పేళ్లను, శేషము పూరించిన సంగతిని బద్యమునఁ జెప్పెను. పోతన భాగవతమున శిథిలమైనవని చెప్పఁబడు భాగములను బూరించిన గంగన, సింగన, నారయలును దమతమ స్కంధాంతగద్యములలోఁ దమ పేళ్లే పెట్టిరి. కంటికి నొదుగుట పద్యమున, గుర్తుండుట గద్యమున. ఇంటికిని నిట్లే చేయవచ్చును. స్తంభపు మొదలు కుళ్లినచోఁ గుళ్లినంతవఱకుఁ గోసి, అదే జాతి కఱ్ఱను ఏటవాలుగా నతికి, రంగుపూసి దాఁచక, యతుకుప్రక్కను సంవత్సరము చెక్కించిన నదియే గద్యము. స్తంభమంతయుఁ దీసి పాతదానిని వేడుకసామాను కొను వర్తకున కమ్మివేయుటకంటె నిది చౌక కూడను.

చిక్కు మఱియొకచోట నున్నది. నడుమ తరములవారు చేర్చినదానిని నేమి చేయవలయును? మంగుళూరున బాసెలు మిషనువారు పెంకుల కర్మాగారమును 1865లోఁ బెట్టిరి. ఆ బిళ్లపెంకు తరువాత నాటుపెంకునకు బదులుగా నెన్నో లోఁగిళ్లపైఁ బఱవఁబడినది. మయమతము ననుసరించినచో దీనిని దీసివేయవలయును. మారిస్ ప్రతి కాలపుఁ బనిని నుండనిమ్మనును. ఇచట నేను మారిస్ పక్షమువాఁడను. ఆ పెంకు తాతగారి పాఠాంతరము. కప్పును గాపాడుచున్నది, మండువలోనికి నీరును సరిగానే విడుచుచున్నది. తండ్రిగారు పూయించిన సిమెంటును బాఠాంతరమే గాని యది గోడను దినుచున్నది. దానిని మాత్రము తీయింపవలయును, తీయుటకు ముందు ఛాయాపటము తీయించి, యెవరు, ఏ యేఁట, ఎందులకుఁ బూయించిరో యింటి కాగితములలో వ్రాసి యుంచవలయును. తీయునపుడు సుత్తి పెట్టరాదు; మట్టిముఖము వెంట వచ్చును. పెళ్లలంచునుండి యులితో నెమ్మదిగా లేపి, గోడ నొక వేసవి యాఱనిచ్చి, పిమ్మటనే సున్నము పూయింపవలయును.