గల్లాపెట్టె పక్కన చోటు

గుంటూరు బ్రాడీపేటలో ఈ వారం ఒక ఫ్లెక్సీ కనిపించింది. ‘ఎనిమిదో తరగతి నుంచే ఐఐఎం ఫౌండేషన్’ అని పెద్ద అక్షరాలు, వాటి కింద కోటూ టై వేసుకున్న పసివాడి బొమ్మ. చూసిన దగ్గర్నుంచీ మనసు కుదుటపడలేదు. ఆటస్థలం లేని బడుల మీద, తెల్లవారుజాము స్టడీ అవర్ల మీద నేను ఎంత రాశానో ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతిలోకి దిగినప్పుడు రాశాను. ఇంటర్ అంటే ఎంపీసీ, బైపీసీ తప్ప మరో గ్రూపే లేదన్నట్టు మాట్లాడే తల్లిదండ్రుల గురించీ రాశాను. ఇప్పుడు వ్యాపార విద్య కూడా అదే బాట పట్టిందన్నమాట.

ఆ సాయంత్రమే మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. “అక్కా, దీన్ని ఎంఈసీలో చేర్చాం. ఐపీమ్యాట్ రాస్తానంటోంది. కోచింగ్‌లో వెయ్యమంటారా, ఇంట్లో చదువుకుంటే చాలంటారా?” అని అడిగింది.

ఐపీమ్యాట్ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇండోర్ ఐఐఎం 2011లో ఇంటర్ అయిన పిల్లల కోసం ఐదేళ్ళ కోర్సు పెట్టింది, దాని ప్రవేశ పరీక్షే ఐపీమ్యాట్. మొదటి మూడేళ్ళు లెక్కలు, గణాంకాలు, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రాలు చెబుతారు. చివరి రెండేళ్ళు, డిగ్రీ చేసి క్యాట్ రాసి వచ్చినవాళ్ళతో కలిసి ఎంబీఏ పాఠాలు వినాలి. 2019లో రోహ్‌తక్ ఐఐఎం కూడా ఇలాంటి కోర్సు మొదలుపెట్టింది, తరువాత రాంచీ వచ్చింది. జమ్మూ, బోధ్‌గయ ఐఐఎంల కోసం 2021 నుంచి జిప్‌మ్యాట్ అనే వేరే పరీక్షను ఎన్‌టీఏ నడుపుతోంది. డిగ్రీ దాకా ఆగకుండా పదిహేడేళ్ళకే ఐఐఎంలో అడుగుపెట్టే దారి ఇది.

ఆవిడ అడగ్గానే నా నాలుక చివరికి వచ్చిన మాట ఒకటే: కోచింగ్ ఎందుకమ్మా, సెలవుల్లో తెలిసినవాళ్ళ కొట్లో కూర్చోబెట్టు. వ్యాపారం అంటే నాకు ముందు గుర్తొచ్చేది గుంటూరు మిర్చి యార్డు మరి.

మా మావయ్యకు అక్కడ కమీషన్ దుకాణం ఉండేది. సీజన్‌లో మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని. గేటు దాటకముందే తుమ్ములు మొదలయ్యేవి. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రైతులు తమ టిక్కీల (మిర్చి బస్తాల) పక్కనే తువ్వాలు పరుచుకుని పడుకుని ఉండేవాళ్ళు. మేలురకం సన్నాలు ఒక పక్కన, రంగు తప్పిన తాలు కాయలు ఇంకో పక్కన. మావయ్య టిక్కీ మూతి విప్పి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసేవాడు. తేమ ఉందో లేదో పిడికిట్లో నొక్కి చూసేవాడు. ఒక కాయను విరిచి, లోపలి రంగు చూసి, రైతు మొహం చూసి అప్పుడు ధర గురించి మాట్లాడేవాడు.

రైతు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “ఇప్పుడే అమ్మెయ్యమంటారా షావుకారు గారూ, కోల్డ్ స్టోరేజీలో పెట్టమంటారా?” దానికి మావయ్య చెప్పే జవాబులో ఎంత లెక్క ఉండేదో నాకు చాలా ఏళ్ళ తరువాత అర్థమైంది. నిల్వ పెడితే నెలకింత అద్దె. రైతు చేసిన అప్పు మీద పెరిగే వడ్డీ. కాయ ఎండి తగ్గే తూకం. వచ్చే నెల ఇంకా ఎంత సరుకు దిగుతుందో, పై ఊళ్ళ వ్యాపారులు ఎంత కొంటారో అనే అంచనా. వాటన్నిటితో పాటు, ఈ రైతు కూతురి పెళ్ళి ఎప్పుడన్నది కూడా. బిజినెస్ స్కూళ్ళలో ఇవాళ పేర్లు పెట్టి చెప్పే సగం పాఠాలు ఆ ఒక్క జవాబులో ఉన్నాయి.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం గుమాస్తా గారు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన చిట్టా, ఆవర్జా ఆయన ముందు ఎప్పుడూ తెరిచే ఉండేవి. కాటా దగ్గర నుంచి హమాలీ కేక వేసేవాడు: ముప్పై ఏడు టిక్కీలు, సగటు నలభై రెండు కిలోలు. గుమాస్తా గారు తల ఎత్తకుండానే “పదిహేను వందల యాభై నాలుగు” అనేవారు. తరువాత తరుగు తీసేయడం, క్వింటాలు ధరతో హెచ్చవెయ్యడం, కమీషను, హమాలీ కూలి, కాటా కూలి పోగా రైతు పట్టీ మీద చివరి అంకె వెయ్యడం, అన్నీ నోటితోనే. ఎలా చేశారని ఒకసారి అడిగాను. “ముప్పై ఏడు నలభైలు పధ్నాలుగు వందల ఎనభై, ముప్పై ఏడు రెళ్ళు డెబ్బై నాలుగు. అంతేనమ్మా” అన్నారు.

అంతే కాదు. రోజూ దుకాణం తెరవగానే ఆయన మొదట చేసే పని, నిన్నటి చిట్టాను పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడడం. రెండూ కలిస్తేనే ఆవర్జా ముట్టుకునేవారు. చిన్నప్పుడు వీధిబడిలో పావు, అర, ముప్పావు లెక్కలను కూడా ఎక్కాల్లా వల్లించారట. దుకాణంలో చేరాక కూడా ఆ అలవాటు మానలేదు. మావయ్యది చూపు, గుమాస్తా గారిది సాధన. ఆ చూపు అన్నేళ్ళు నిలబడింది గుమాస్తా గారి కూడిక తప్పకపోవడం వల్లే.

మావయ్య కొడుకు పన్నెండో ఏటి నుంచీ గల్లాపెట్టె పక్కన కూర్చున్నాడు. ఎవరికి అరువివ్వచ్చో, ఎవరి మాటలో తేడా ఉందో అక్కడే నేర్చాడు. నేను మాత్రం మావయ్య భోజనం అయ్యేదాకా ఒక టిక్కీ మీద కూర్చుని, ఖాళీ క్యారేజీ తీసుకుని ఇంటికి పోవాలి. ఇంకాసేపు ఉంటానంటే, ఆడపిల్లకి ఇక్కడేం పని, ఘాటు పడదు పొమ్మనేవారు. మా క్లాసులో లెక్కల్లో అందరికంటే చురుకైన కుర్రాడు అక్కడి హమాలీ కొడుకు. వాడూ రోజూ యార్డుకే వచ్చేవాడు. వాడి వీపు మీదికి టిక్కీ వచ్చింది గానీ, గల్లాపెట్టె పక్కకు వాణ్ణి ఎవరూ పిలవలేదు.

రెండో అంతస్తు అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఉండగా ఇదంతా తలుచుకున్నాను. కొట్లో కూర్చోబెట్టు అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఏ కొట్లో? వాళ్ళ నాన్న ఆర్టీసీలో కండక్టరు. యార్డును మించిన బడి లేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ బడిలో సీటు పుట్టుకతో రావాలి.

ఇది మన దగ్గరి సంగతే కాదు. మా పెదనాన్న మనవరాలు న్యూజెర్సీలో హైస్కూలు చదువుతోంది. వార్టన్ మీద ఆశ. 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పుట్టిన వ్యాపార కళాశాల అది, అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడున్న వ్యాపార కళాశాలల్లో అన్నిటికంటే పాతది. అక్కడ మార్కులతో పాటు వ్యాసాలు కావాలి, చేసిన పనులు చూపించాలి, నాయకత్వం కనబడాలి. ఆ పిల్ల బడిలో డెకా అనే క్లబ్బు ఉంది. చేతికి ఒక వ్యాపార సమస్య ఇస్తారు, కాసేపు ఆలోచించుకుని జడ్జి ముందు మేనేజరులా మాట్లాడాలి. మంచి అభ్యాసమే, కాదనను. అయితే వేసవిలో ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ చేసింది వాళ్ళ నాన్న స్నేహితుడి కంపెనీలో. సముద్రం దాటినా గల్లాపెట్టె పక్కన చోటు ఇంటివాళ్ళకే ముందు దొరుకుతోంది.

అందుకే ఐపీమ్యాట్ లాంటి పొడి పరీక్ష మీద నాకు గౌరవం పెరిగింది. ఇండోర్ పరీక్షలో మూడు భాగాలు, ఒక్కొక్కదానికి 40 నిమిషాలు. ఒక భాగంలో మిగిలిన సమయాన్ని ఇంకో భాగానికి వాడుకోనివ్వరు. లెక్కల్లో ఒక భాగానికి ఆప్షన్లు ఉండవు. జవాబు అంకెను మనమే టైప్ చెయ్యాలి. తప్పయితే మార్కులు కొయ్యరు గానీ, దగ్గరగా వచ్చినంత మాత్రాన ఏమీ రాదు. రెండో భాగంలో ఆప్షన్లు ఉంటాయి, తప్పుకు ఒక మార్కు పోతుంది. మూడోది ఇంగ్లిషు. లాగరిథమ్‌లు, మాత్రికలు, శ్రేఢులు, సంభావ్యత, శాతాలు, నిష్పత్తులు అడుగుతారు. చాలావరకు ఎంఈసీ పిల్లలు చదివే పాఠాలే. మీ నాన్నకు దుకాణం ఉందా అని ఆ కాగితం అడగదు. అది అడిగేది గుమాస్తా గారి పనే: వేగంగా చెయ్యి, తప్పకుండా చెయ్యి, మళ్ళీ కూడి చూసుకో.

ఆ తల్లికి నేను చెప్పింది ఇదీ. కోచింగ్‌లో చేర్పించు. కోచింగుల మీద ఇన్నేళ్ళుగా రాస్తున్న నేను ఈ మాట అంటున్నానంటే కారణం ఉంది. ఇలాంటి పరీక్ష రాసినవాళ్ళు ఇంట్లో ఒక్కరైనా ఉంటే, ఏ ప్రశ్న వదిలెయ్యాలో, ఏ భాగంలో తొందర కూడదో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. లేనివాళ్ళకు ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి, మాక్ టెస్టులు పెట్టి ఎక్కడ తప్పుతోందో చూపించాలి. వారానికి రెండు పూటలు చాలు. హాస్టల్ వద్దు. పదో తరగతి అయ్యాక రెండేళ్ళు సరిపోతాయి. ఎనిమిదో తరగతి పిల్లను ఎవరైనా దీనికి రమ్మంటే పంపొద్దు, ఆ వయసులో ఎక్కాలూ కథల పుస్తకాలూ చాలు.

అమ్మాయికి వేరుగా చెప్పాను. రోజూ ఇరవై నిమిషాలు కాగితం లేకుండా లెక్కలు చెయ్యి. రెండంకెల హెచ్చవేతలు, శాతాలు, వర్గాలు. తప్పిన లెక్కలకు ఒక పుస్తకం పెట్టి, వారం తరువాత అదే లెక్క జవాబు చూడకుండా మళ్ళీ చెయ్యి. ఫోను పక్క గదిలో పెట్టి 40 నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. ఇక పేపరు చదవడం. (ఈ మాట ఎన్నోసారి రాస్తున్నానో అనుకునే పాఠకులు నన్ను మన్నించాలి, ఇంకా రాస్తాను.) ముందు తెలుగు సంపాదకీయం చదివి, అందులో వాదం ఏమిటో మూడు వాక్యాల్లో అమ్మకు చెప్పు. తరువాత ఇంగ్లిషు సంపాదకీయం చదివి అదే పని చెయ్యి. ఒక భాషలో వాదాన్ని పట్టుకునే అలవాటైతే రెండో భాషలో పట్టుకోవడం ఊరికే వచ్చేస్తుంది.

“ఇంటర్వ్యూకి ఏం చదవాలి ఆంటీ?” అంది. గుంటూరును చదవమన్నాను. సరుకు ఎక్కువ దిగిన వారం ధర ఎందుకు పడుతుంది, కోల్డ్ స్టోరేజీలు నిండి ఉంటే కొత్త పంటకు ఏమవుతుంది, వేసవిలో యార్డుకు సెలవులిస్తే రైతు ఏం చేస్తాడు. పేపర్లో మిర్చి ధరలు వస్తాయి, వారానికోసారి రాసి పెట్టుకోమన్నాను. ఇంటర్వ్యూలో సొంత ఊరి గురించి అడగడం మామూలే. ఎంఈసీలో చదివిన గిరాకీ సూత్రానికి, కళ్ళ ముందున్న యార్డుకు లంకె వేసి చెప్పగలిగితే వినేవాళ్ళు వింటారు. వచ్చే సీజన్‌లో ఒక పొద్దున్న తనను నేనే తీసుకెళతాను. మావయ్య లేరు గానీ ఆయన కొడుకు దుకాణం నడుపుతున్నాడు, ఫోన్ చేసి చెప్పాను.

ఫీజు మాట దాచకూడదు. ఐఐఎంలో ఐదేళ్ళంటే కండక్టరు జీతానికి అందేది కాదు. దరఖాస్తు పెట్టకముందే స్కాలర్‌షిప్‌ల వివరాలు, బ్యాంకు రుణం షరతులు రాసుకుని రమ్మన్నాను. ఇండోర్‌లో మూడేళ్ళ తరువాత డిగ్రీతో బయటకు వచ్చే వీలు కూడా ఉంది, అదీ లెక్కలో వేసుకోవాలి. మొత్తం ఒక కాగితం మీద వేసి, రెండుసార్లు కూడి చూడమన్నాను.

ఇంటర్‌లో లెక్కలు లేని సీఈసీ పిల్లలు కూడా ఐపీమ్యాట్ రాయొచ్చా అని కిందటి నెల ఒక పాఠకురాలు అడిగారు. రాయొచ్చు, గ్రూపు అడ్డు కాదు. కాకపోతే లాగరిథమ్‌లు, మాత్రికలు వాళ్ళకు ఇంటర్‌లో ఉండవు, కొత్తగా నేర్చుకోవాలి. పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టించండి.