కటి కదిలితేనే మోకాలికి తెరిపి: ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి

తుంటికీ చీలమండకూ మధ్యనున్న మోకాలు, నడిచేటప్పుడు ఆ రెండింటి పొరపాట్లనూ మోస్తుంది. తొడ ఎముక గుండ్రని తల కటి ఎముక గుంటలో అమరి ఉంటుంది కాబట్టి తుంటి కీలు అన్ని దిక్కులకూ తిరగగలదు. మోకాలికి ఆ వెసులుబాటు లేదు. అది ప్రధానంగా మడతపడే కీలు. కాలు పూర్తిగా చాచినప్పుడు పక్కకు తిరిగే వీలు దాదాపు ఉండదు. కటి బిగుసుకుపోయి తాను తిరగవలసినంత తిరగకపోతే, ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

మామూలు నడకలో ఒక్కో పాదం సుమారు 60 శాతం కాలం నేల మీద, 40 శాతం కాలం గాలిలో ఉంటుంది. మడమ నేలను తాకగానే మోకాలు 15 నుంచి 20 డిగ్రీలు వంగి బరువును అందుకుంటుంది. కాలు ముందుకు ఊగేటప్పుడు సుమారు 60 డిగ్రీలు వంగుతుంది. లేకపోతే వేళ్లు నేలకు రాసుకుంటాయి. అదే సమయంలో కటి ఇరువైపులా దాదాపు నాలుగేసి డిగ్రీలు తిరుగుతూ, గాలిలో ఉన్న కాలి వైపు కొద్దిగా వాలుతుంది. 1953లో సాండర్స్, ఇన్మన్, ఎబర్‌హార్ట్ నడకను తీర్చే ఆరు అంశాలను వివరించినప్పుడు మొదటి రెండూ కటి కదలికలే, మూడోది మోకాలి వంపు. వీటివల్ల శక్తి ఆదా అవుతుందన్న వారి వాదనను తర్వాతివారు ప్రశ్నించారు గానీ, ఆ కదలికలు మాత్రం నడకలో కనిపించేవే.

నేల మీద నిలిచిన కాలి వైపు, పిరుదు పక్కనుండే కండరం కటిని సమంగా పట్టి ఉంచుతుంది. అది పట్టు తప్పితే అవతలి వైపు కటి మరీ కిందికి జారుతుంది. చాలామందిలో దానితోపాటు తొడ లోపలికి తిరిగి, మోకాలు పాదం గీత దాటి లోపలికి వాలుతుంది. మోకాలి చిప్ప వెనక పుట్టే నొప్పికి ఇదొక దారి.

మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) ఈ బంధాన్ని తన మోకాలి గాయం ద్వారానే పట్టుకున్నాడు. నేటి ఉక్రెయిన్‌లో పుట్టి, పాలస్తీనాకు వలస వెళ్లి, పారిస్‌లో ఇంజనీరింగు, భౌతికశాస్త్రం చదివి, జూడో సాధన చేసిన మనిషి. ఫుట్‌బాల్‌లో దెబ్బతిన్న మోకాలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో మళ్లీ తిరగబెట్టింది. శస్త్రచికిత్సకు వెళ్లకుండా తన కదలికలనే ఓపికగా పరిశీలించాడు. అందులోంచి రెండు రకాల బోధన పుట్టింది: గురువు మాటలను అనుసరించి అందరూ కలిసి చేసేది ఒకటి, చేతి స్పర్శతో ఒక్కరికే నేర్పేది మరొకటి.

మొదటి రకంలో పేరు పొందిన పాఠం ‘కటి గడియారం’. వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించాలి. కటి వెనుక భాగం కింద ఒక గడియారం ఉన్నట్టు ఊహించుకోవాలి: నడుము వైపు 12, తోకఎముక వైపు 6, పక్కలకు 3, 9. బరువును 12 మీదికి దొర్లిస్తే నడుము నేలకు ఆనుతుంది, 6 మీదికి దొర్లిస్తే పైకి లేస్తుంది. తర్వాత పక్కలకు, ఆపై అంకె అంకెకూ చుట్టూ. కొందరికి ఒక అంకె దగ్గర కదలిక గెంతుతుంది. అక్కడే బిగువు ఉందని తెలుస్తుంది. బలవంతం చేయకూడదు. కదలికను ఇంకా చిన్నది చేసి, మధ్యమధ్య విశ్రాంతి తీసుకుంటూ మళ్లీ వెతకాలి.

నడకకు ఇంకా దగ్గరైన అభ్యాసం ఇదే భంగిమలో ఉంది. కుడి పాదంతో నేలను మెల్లగా ఒత్తితే కటి కుడివైపు లేచి ఎడమకు దొర్లుతుంది. మోకాలు పాదం దిశలోనే సాగితే ఆ తోపు తుంటి మీదుగా వెన్నులోకి, తల దాకా చేరుతుంది. మోకాలు లోపలికి వాలితే తుంటి దగ్గరే చెదిరిపోతుంది. నిలబడితే శరీరం బరువు మోయాలి, పడిపోకుండా చూసుకోవాలి. పడుకున్నప్పుడు ఆ రెండు పనులూ ఉండవు కాబట్టి ఇంత సున్నితమైన తేడా కూడా తెలుస్తుంది. పాఠం ముగిశాక లేచి నాలుగడుగులు వేయించి, పాదం ఎలా ఆనుతోందో గమనించమంటారు.

ఈ పద్ధతి అసలు విలువ ఇక్కడే ఉంది. కండరాన్ని పెంచడం దీని పని కాదు. అలవాటుగా మారి గమనికకు రాని కదలికను తిరిగి ఎంచుకునే వీలు కల్పిస్తుంది. వృద్ధులలో సమతుల్యం మెరుగుపడినట్టు కొన్ని పరిశోధనలు చూపాయి. అయితే అవి చిన్నవి, వాటి నాణ్యత సమానంగా లేదు. పిరుదు కండరం నిజంగా బలహీనమైతే బలం పెంచే వ్యాయామం కూడా కావాలి. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, బరువు ఆనించగానే మడతపడిపోతున్నా ముందు ఎముకల వైద్యుడికి చూపించాలి.