రబ్బరు పాఠంలో విడిచిపెట్టిన సంగతులు: ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయునికి రబ్బరు పాఠం సులభమైనదిగా తోస్తుంది. చెట్టుకు గాటు పెడతారు, పాలు కారుతాయి, ఆమ్లం కలిపితే పాలు గడ్డకడతాయి, గంధకం కలిపితే గట్టిపడుతుంది, దానితో టైర్లు చేస్తారు. సాధారణంగా పాఠం ఇంతటితో ముగుస్తుంది. ప్రశ్నపత్రం కూడా ఇంతకంటె అడగదు. ఈ వరుసలో అబద్ధమేమీ లేదు. ఐనను ఇది కంఠస్థం చేయించే పాఠమే కాని, ఆలోచింపజేసే పాఠం కాదు. అందులోను కర్నూలు, కడప ప్రాంతాల పిల్లలకు, రబ్బరు అనేది ఎక్కడో మలబారు కొండలలో పుట్టే వస్తువు, మనకు సంబంధం లేనిది అనే భావం కలిగిస్తున్నది. ఇక్కడ ఏ ఒక్క పాఠ్యగ్రంథాన్నీ వేలెత్తి చూపటం ఉద్దేశం కాదు. పాఠం చెప్పే తీరులో పాతుకుపోయిన లోపాలను కొన్నింటిని పరిశీలించటమే పని.

సాగుట వేరు, స్థితిస్థాపకత వేరు

"రబ్బరుకు స్థితిస్థాపకత ఎక్కువ" అనే వాక్యంతో మొదటి లోపం ప్రారంభమవుతుంది. భౌతికశాస్త్రం తరగతిలో ఉక్కు స్థితిస్థాపకత రబ్బరు కంటె ఎక్కువ అని చెప్పుతారు. ఈ రెండు వాక్యాలనూ ఒకే విద్యార్థి ఒకే సంవత్సరంలో వింటాడు. ఏది నిజమో అడగటానికి జంకి రెండింటినీ వల్లె వేస్తాడు. నిజానికి ఇవి రెండు వేరు వేరు గుణాలు. ఒక వస్తువును సాగదీయటానికి ఎంత బలం కావలెనో చెప్పేది యంగ్ గుణకం. అది ఉక్కుకు, చదరపు మీటరుకు న్యూటన్లలో, సుమారు 2 పక్కన పదకొండు సున్నలంత. మెత్తని రబ్బరుకు పది లక్షల ప్రాంతం. అంటే ఉక్కు దాదాపు రెండు లక్షల రెట్లు బిగువైనది. కాని ఉక్కు నూటికి ఒక పాలు కూడా సాగకముందే స్థితిస్థాపక అవధిని దాటుతుంది. మంచి రబ్బరు ఐదారు రెట్లు సాగి కూడా తిరిగి దాదాపు పూర్వస్థితికి వస్తుంది. మొదటిది బిగువు, రెండవది సాగుడు. ఈ విభాగం నాలుగు వాక్యాలలో చెప్పదగినది. చెప్పకపోవటం వలన జరిగే నష్టం పెద్దది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. రబ్బరు ఎందుకు వెనక్కు వస్తుంది? 1826లో మైకేల్ ఫారడే రబ్బరును విశ్లేషించి, ప్రతి ఐదు కర్బన పరమాణువులకు ఎనిమిది ఉదజని పరమాణువులు ఉన్నవని చూపాడు. అవి వేల సంఖ్యలో గొలుసుగా చేరిన బృహదణువులని స్టాడింజర్ 1920 నుండి వాదించి, 1953లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ గొలుసులు మామూలు స్థితిలో చిక్కుపడిన నూలుపోగుల వలె ముడుచుకొని, ఎప్పుడూ కదలుతూ ఉంటాయి. సాగదీస్తే వరుసలో నిలుస్తాయి. విడిచిపెడితే తమ కదలిక చేతనే మళ్లీ ముడుచుకుంటాయి. ఉక్కు తీగలో పరమాణువుల మధ్య ఆకర్షణ వెనక్కు లాగుతుంది. రబ్బరులో ఉష్ణచలనమే వెనక్కు లాగుతుంది.

దీనికి రుజువు కానీ ఖర్చు లేకుండా తరగతిలో చూపవచ్చును. వెడల్పైన రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పెదవులకు తాకించినచో వెచ్చగా ఉంటుంది. కాసేపు అట్లే పట్టి ఉంచి, విడిచి వెంటనే తాకించినచో చల్లగా ఉంటుంది. ఇంగ్లండులో అంధుడైన జాన్ గాఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1805లో ఈ సంగతిని ప్రకటించాడు. తరువాత జూల్ కొలతలతో ధ్రువపరిచాడు. రెండవ ప్రయోగం: రబ్బరు పట్టీకి చిన్న బరువు కట్టి వేలాడదీసి, పక్కన వేడినీటి పాత్ర ఉంచి ఆవిరి తగిలించవలెను. ఇనుపతీగ అయితే వేడికి పొడవు పెరుగుతుంది. బరువు మోస్తున్న రబ్బరు పట్టీ కురచబడి బరువును పైకి ఎత్తుతుంది. "వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి" అని నేర్చిన పిల్లవానికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ ఆశ్చర్యంతోనే శాస్త్రం మొదలవుతుంది.

గంధకం చేసే పని

"గంధకం కలిపితే రబ్బరు గట్టిపడుతుంది" అనే మాట సగం సత్యం. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిర్రబిగుస్తుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ గంధకంతో వేడిచేసి ఈ దోషాన్ని పోగొట్టాడు. 1844లో పేటెంటు పొందాడు. అదే కాలంలో ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ కూడా పేటెంటు తీసుకున్నాడు. గంధకం చేసే పని గొలుసుకు గొలుసుకు మధ్య అక్కడక్కడ వంతెనలు కట్టటం. నూరు పాళ్ల రబ్బరుకు రెండు మూడు పాళ్ల గంధకమైతే సాగే రబ్బరు తయారవుతుంది. ముప్పై పాళ్లకు పైబడితే వంతెనలు కిక్కిరిసి, గొలుసులకు కదలటానికి చోటు లేక, కొయ్య వలె గట్టిగా ఉండే ఎబొనైటు వస్తుంది. గంధకం ఎంత అన్నదానిని బట్టి గుణం మారుతున్నదన్న మాట.

ఈ వంతెనల సంగతి చెప్పినచో మరొక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పాత ప్లాస్టిక్ బిందెను కరిగించి మళ్లీ బిందె చేయవచ్చు. పాత టైరును కరిగించి టైరు చేయలేము. వంతెనలు కట్టిన గొలుసులు వేడికి కరగవు, మాడిపోతాయి. మన పల్లెలలో పాత టైరును కోసి చెప్పులు కుట్టినవారు ఈ రసాయనశాస్త్రం తెలియకనే దాని ఫలితాన్ని గ్రహించారు. కరగని దానిని కోసి వాడుకొనుటే మార్గం. దానిని చలిమంటలో వేయటం మాత్రం తగదు. ఆ నల్లని పొగలో మసితో పాటు గంధకపు విషవాయువులు కూడా ఉంటాయి.

వేసవిలో టైరుకు గాలి

పాఠంలో ఇంతవరకు చూపిన లోపాలు తెలివికి సంబంధించినవి. ఈ లోపం ప్రాణానికి సంబంధించినది. కర్నూలు మీదుగా పోయే 44వ జాతీయ రహదారి మీద ఏప్రిల్, మే నెలలలో తిరిగే వాహనదారులలో ఒక నమ్మకం ఉన్నది: ఎండకు టైరులోని గాలి ఉబ్బి పేలుతుంది కాబట్టి వేసవిలో గాలి తక్కువగా కొట్టించవలెనని. ఛార్లెస్ సూత్రం, బాయిల్ సూత్రం చదివిన వారు కూడా ఈ మాట నమ్ముతున్నారు. లెక్క వేసి చూడండి. టైరులోని గాలి 30 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడెక్కితే, పరమ ఉష్ణోగ్రత 303 నుండి 333కు పెరుగుతుంది. పీడనం పెరిగేది పదింట ఒక వంతు మాత్రమే. మంచి టైరు ఆ మాత్రపు పీడనాన్ని తట్టుకొనేటట్లే నిర్మింపబడుతుంది.

అసలు అపాయం మరొక వైపు ఉన్నది. టైరు తిరిగేటప్పుడు నేలను తాకిన భాగం నొక్కుకొని, మళ్లీ విప్పుకుంటుంది. ప్రతి మారూ రబ్బరు తాను తీసుకొన్న శక్తిని పూర్తిగా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మిగులుతుంది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ మరింత వంగుతుంది, వేడి మరింత పుడుతుంది. రబ్బరు ఉష్ణాన్ని సులభంగా బయటికి పోనివ్వదు. లోపల పోగైన వేడికి పొరల అతుకు విడిపోయి టైరు పగులుతుంది. కాబట్టి తయారీదారు చెప్పిన పీడనాన్ని, బండి చల్లగా ఉన్నప్పుడే కొలిచి, అంతే ఉంచవలెను. లారీలు, విమానాల టైర్లలో కృత్రిమ రబ్బరు కంటె సహజ రబ్బరుకు నేటికీ పెద్ద పాలు ఉండటానికి ఒక కారణం, వంగి విప్పుకొనేటప్పుడు అందులో వేడి తక్కువ పుట్టటమే. ఈ ఒక్క విషయం పాఠంలో చేరినా ఆ పాఠం సార్థకమవుతుంది.

ముగ్గురాయి, బలపపు రాయి

రబ్బరుకు మన సీమతో సంబంధం లేదనటం ఆఖరి లోపం. రబ్బరు వస్తువులో రబ్బరు ఒక్కటే ఉండదు. నాణెం కోసం, ధర కోసం, బరువు కోసం పూరకాలు అనే పొడులు కలుపుతారు. టైరును నల్లగా చేసేది కర్బనపు మసి. అది రంగు కోసం కాదు, అరుగుదలను తట్టుకొనే బలం కోసం. తెల్లని, రంగుల వస్తువులకు ఖనిజాల పొడులు వాడతారు. కడప సీమలో ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో దొరికే ముగ్గురాయి, అంటే బెరైటీసు, ప్రపంచంలోని పెద్ద నిక్షేపాలలో ఒకటి. దానిలో అధికభాగం చమురు బావుల తవ్వకానికి పోయినా, రంగులలోను, ఆమ్లాలకు చెక్కుచెదరని బరువైన రబ్బరు వస్తువులలోను పూరకంగా కూడా వాడతారు. కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గర ముద్దవరం ప్రాంతపు బలపపు రాయి మరొకటి. పిల్లలు పలక మీద రాసే బలపం ఈ జాతి రాయిదే. దాని మెత్తని పొడిని రబ్బరు రేకులు ఒకదానికొకటి అంటుకోకుండా చల్లటానికి ఉపయోగిస్తారు. ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలలో రాతిని, ముద్దనూరు దగ్గరి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రంలో బొగ్గును మోసుకుపోయే పట్టాలు రబ్బరువి. టైరు బండి చక్రం రబ్బరుది. ఇన్ని ఉదాహరణలు చుట్టూ ఉండగా మలబారు తోట బొమ్మ ఒక్కటే చూపటం చాలదు.

అట్లని రబ్బరు చెట్టును ఇక్కడ నాటవచ్చునని ఆశపెట్టటమూ తప్పే. ఆ చెట్టుకు ఏటా సుమారు 2000 మిల్లీమీటర్ల వాన, అదీ నెలలన్నిటా పంచినట్లు కావలెను. మనకు కురిసేది 700 మిల్లీమీటర్ల లోపు, కొద్ది నెలలలోనే. పాలు కారే ప్రతి మొక్కా రబ్బరు మొక్క కాదు. జిల్లేడు పాలలో రబ్బరు స్వల్పం, బంక పదార్థాలు ఎక్కువ. మెట్టనేలలో రబ్బరునిచ్చే మొక్క లేకపోలేదు. మెక్సికో ఎడారి ప్రాంతపు గ్వాయూలె అటువంటిది. రెండవ ప్రపంచ యుద్ధంలో తూర్పు దేశాల రబ్బరు ఆగిపోగా, 1942లో అమెరికా ప్రభుత్వం దీనిని కాలిఫోర్నియాలో పెద్ద ఎత్తున సాగుచేయించింది. యుద్ధం ముగిశాక విడిచిపెట్టింది. మన పొలాలను పీడించే వయ్యారిభామకు ఇది దగ్గరి బంధువు. ఒకే ప్రజాతిలో ఒక మొక్క కలుపు, మరొకటి పంట. వృక్షశాస్త్రం తరగతికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

చేయదగిన పని

ఈ విమర్శ వలన పాఠం పొడవు పెంచవలెనని అర్థం కాదు. రబ్బరు పాలు ఎట్లా తీస్తారో చెప్పే పేజీలో సగం తగ్గించినా చాలును. ఆ చోటులో మూడు ప్రశ్నలు చేర్చవలెను. సాగిన రబ్బరు ఎందుకు వెనక్కు వస్తుంది? పాత టైరు ఎందుకు కరగదు? గాలి తగ్గిన టైరు ఎందుకు వేడెక్కుతుంది? మూడింటికీ జవాబు పొడవైన ఆ గొలుసుల కదలికలోనే, వాటి మధ్య వంతెనలలోనే ఉన్నది. తరగతిని ఒకపూట ఊరి పంక్చరు దుకాణానికి తీసుకుపోతే, కిరోసిను తగిలి ఉబ్బిన ట్యూబు, ఎండకు నెర్రెలు విచ్చిన టైరు, వేడితో అతికే ప్యాచీ అక్కడ కనిపిస్తాయి. ఆ పనివానికి చేతితో తెలిసిన దానికి విద్యార్థి కారణం చెప్పగలిగిననాడు రబ్బరు పాఠం పూర్తి అయినట్లు.