గుర్రం గుడ్డు అమ్మినవాడు

స్కాట్లాండు వాళ్ళకి హాగిస్ అని ఒక జంతువుంది. కొండవాలు మీద తిరగడానికి వీలుగా దానికి ఒక పక్క కాళ్ళు పొడుగు, రెండో పక్క పొట్టి! అందుకని అది కొండ చుట్టూ ఒకే వైపు పరుగెడుతుందిట. నిజానికి హాగిస్ అంటే గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఓట్సుతో కలిపి చేసే వంటకం. అయినా 2003లో జరిగిన ఓ సర్వేలో, ఆ దేశానికి వచ్చిన అమెరికా యాత్రికుల్లో మూడోవంతు మంది అది నిజం జంతువే అనుకున్నారని తేలింది. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం వాళ్ళయితే దాని బొమ్మనే తయారుచేసి అద్దాల పెట్టెలో పెట్టారు.

మనమేం తక్కువ తినలేదు లెండి. మనకి గుర్రం గుడ్డు ఉంది.

పరమానందయ్య శిష్యులు గురువుగారికి గుర్రం కొనలేక, గుర్రం గుడ్డని చెప్పి ఎవడో అంటగట్టిన గుమ్మడికాయ కొనుక్కొస్తారు. దారిలో అది పొదలో పడి పగులుతుంది. పొదలోంచి కుందేలొకటి దూకి పారిపోతుంది. గుర్రప్పిల్ల పోయిందని వాళ్ళ ఏడుపు! 1966లో రామారావుగారి సినిమా వచ్చాక ఆ శిష్యుల పేరు తెలియని ఇల్లు లేదు.

ఈ కథలో నాకో పేచీ ఉంది. చిన్నప్పట్నించీ మనం శిష్యుల్ని చూసే నవ్వాం. అమ్మినవాడి మాట ఎవరైనా ఎత్తారా? డబ్బు మూటగట్టుకుని వాడు కథలోంచి హాయిగా వెళ్ళిపోతాడు. హాగిస్ హాస్యంలో పరాయివాడు కాసేపు వెర్రివాడవుతాడు, అంతే. మన కథలో సొమ్ము పోతుంది. పోగొట్టుకున్నవాడికి పైపెచ్చు నవ్వులపాటు.

1998లో సైబర్ టవర్స్ తెరిచిన ఈ హైటెక్ సిటీలో, ఇంటికో కంప్యూటరు ఇంజనీరున్న మా అపార్టుమెంట్లలో, గుర్రం గుడ్లు ఇప్పుడు ఫోన్లో అమ్ముతున్నారు. ఇంట్లో కూచుని వీడియోలకు లైకులు కొడితే రోజుకు వేలట! మా వరసలో ఒకావిడ అలాగే దాచుకున్న డబ్బంతా పోగొట్టుకుంది. పది రోజులు ఎవరికీ చెప్పలేదు. "ఆయన నవ్వుతారండీ" అంది. వెంటనే 1930కి ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశమేనా ఉండేది. ఆవిణ్ణి ఆపింది అమాయకత్వం కాదు, మన నవ్వు.

ఇదే కథను పద్ధెనిమిదో శతాబ్దంలో బెస్కి అనే ఇటలీ పాద్రీ తమిళంలో పరమార్థ గురువు కథగా రాశాడు. 1822లో అది ఇంగ్లీషులోకీ వెళ్ళింది. అందులో డబ్బు పోయిందని శిష్యులు గోలపెడితే గురువు కోప్పడడు. పుట్టగానే అంత పరుగు తీసే గుర్రాన్ని ఈ ముసలితనంలో నేనెక్కడ ఎక్కగలను, పోతే పోనీ అంటాడు. నవ్వొచ్చే మాటే. కానీ ఆ మాట వల్లే శిష్యులు మళ్ళీ తలెత్తుకుని ఇంట్లోకి రాగలిగారు. నన్నడిగితే కథకి ప్రాణం అక్కడుంది.

నేను విన్న చాలా కథల్లో కుందేలు పారిపోగానే కథ కంచికి వెళ్ళిపోతుంది. మీరు మాత్రం పిల్లలకి చెప్పేటప్పుడు అక్కడ ఆపకండి. అమ్మినవాడు దొంగని చెప్పండి. గురువుగారి మాట కూడా తప్పకుండా చెప్పండి.