రంగం నుంచి దిగినవాళ్ళు

తెలుగులో 'రంగం వెళ్ళాడు' అన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది. కోరంగి రేవు నుంచీ విశాఖ నుంచీ ఓడలెక్కి రంగూన్ చేరిన కూలీల గురించి పాటలున్నాయి, సామెతల్లాంటి మాటలున్నాయి. సినిమావాళ్ళు 1979లో ఆ ఊరికి 'రౌడీ' అన్న మాట తగిలించి పేరు పెట్టుకున్నారు. వెళ్ళడం మనకు కథావస్తువైంది. తిరిగొచ్చి అద్దె ఇల్లు వెతుక్కోవడం మాత్రం, నేను చదివినంతలో, వస్తువు కాలేదు. మన వలస కథల మీద నా ఫిర్యాదు ఇదే.

1964 మార్చిలో నే విన్ ప్రభుత్వం బర్మాలోని దుకాణాలను జాతీయం చేసింది. మే నెలలో యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవంది. ఆ తర్వాత ఓడల నిండా భారతీయులు వచ్చేశారు. విశాఖలో దిగినవాళ్ళ గుర్తుగా అక్కడ బర్మా క్యాంపు అన్న పేరు మిగిలింది. మద్రాసులో దిగినవాళ్ళలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. కాగితం మీద ఇది సొంత దేశం. కానీ అక్కడే పుట్టి పెరిగినవాడికి ఇది పరదేశమే. రేషన్ కార్డుకి పాత చిరునామా అడిగితే రంగూన్ వీధి పేరు చెప్పాలా? పది నెలల అద్దె అడ్వాన్సు అడిగే ఊళ్ళో చెల్లని నోట్లతో ఏం చెయ్యాలి? పైగా 1953లో ఆంధ్ర విడిపోయాక ఈ పట్నంలో తెలుగువాణ్ణి "మీ ఊరు అటు కదా" అనడం మామూలైంది. బస్సు బోర్డు తమిళంలో ఉంది. అతనికి వచ్చింది నోటి తెలుగు, బజారు బర్మీస్.

ఇలాంటివి సాహిత్యానికి తగని చిల్లర సంగతులని మనవాళ్ళ భావం కాబోలు. ఈ మధ్య చదివిన 'ప్రవాస' కథల్లో నాయకుడు మెరీనాలో కూర్చుని గోదావరిని తలుచుకుంటాడు. బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం అతనికి తీరిక ఎలా దొరికిందో, ఇంట్లో నీళ్ళు ఎవరు పట్టారో రచయిత చెప్పడు.

తమిళులు ఈ పని 1952లోనే మొదలుపెట్టారు. 'పరాశక్తి'ని అందరూ కరుణానిధి సంభాషణల కోసం, శివాజీ గణేశన్ తొలి చిత్రంగా చెప్పుకుంటారు. నాకు ముఖ్యమైంది వేరే. రంగూన్ నుంచి మద్రాసులో దిగిన గుణశేఖరన్ చేతిలో డబ్బు పోగొట్టుకుని, పడుకునే చోటుకీ తిండికీ వెతుక్కుంటాడు. అతని అన్న ఒక కాలు పోగొట్టుకుని, బిచ్చగాళ్ళను కూడగట్టి సంఘం పెడతాడు. ఉపన్యాసాల ధోరణి నాకూ నచ్చదు. అయినా పూట గడవడమే అక్కడ కథ. ఆ చిత్రం 1957లో తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చింది. మన రచయితలు మాటల వేడిని చూశారు, ఆకలిని చూడలేదు.

బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజారు 1969 నుంచీ ఉంది. దాని పక్క వీధుల్లో అమ్మే అత్తో మీద, అరటిదవ్వ సూపు మీద పత్రికలు తరచూ రాస్తుంటాయి. నూడుల్స్‌లో నిమ్మకాయ ఎంత పిండాలో వాటిలో ఉంటుంది. అంగడి పెట్టుకోవడానికి ఎవరు హామీ పడ్డారో, మొదటి సరుకు ఎవరు అప్పిచ్చారో ఉండదు. కథకుడు అడగవలసిన ప్రశ్నలు అవే.

1964లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటింది. మనవలు తమిళంలో చదువుకుంటున్నారు. ఆ ఇళ్ళలో ఎవరైనా తాత కథ రాస్తే అది తమిళంలోనే వస్తుంది. దాన్నీ మనం డబ్బింగ్‌లోనే అందుకుంటాం.